స్ట్రీట్ ఫైటర్ 6: బలమూ బలహీనతా ఎక్కడున్నాయి?

ఫైటింగ్ గేమ్‌ని అంచనా వేసేటప్పుడు నేను గ్రాఫిక్స్, క్యారెక్టర్ల సంఖ్య తర్వాత చూస్తాను. ముందు చూసేది రెండే: ఓడినప్పుడు ఎందుకు ఓడామో తెలుస్తోందా, తెలిశాక దానికి విరుగుడు ఉందా. 2023 జూన్‌లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 ఈ పరీక్షలో చాలావరకు నెగ్గుతుంది. ఒక్కచోట మాత్రం బాగా తేలిపోతుంది.

దీని ప్రాణమంతా డ్రైవ్ గేజ్‌లోనే, అంటే ప్రత్యేక ఎత్తులకు ఖర్చయ్యే శక్తి మీటర్‌లోనే ఉంది. రౌండ్ మొదలయ్యేసరికే ఆరు బార్లూ నిండి ఉంటాయి కాబట్టి సంపాదించే పని లేదు, పొదుపుగా ఖర్చు పెట్టడమే ఆట. డ్రైవ్ ఇంపాక్ట్‌కి (ఎదుటి దెబ్బల్ని తట్టుకుని వచ్చే బలమైన దెబ్బ) ఒక బార్, ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌కి (ప్రత్యేక దెబ్బకు బలమైన రూపం) రెండు, పంచ్ మధ్యలో రష్‌లోకి (ముందుకు దూసుకెళ్లే పరుగు) మారితే మూడు. దెబ్బలు బ్లాక్ చేస్తున్నా గేజ్ కరుగుతుంది. పూర్తిగా ఖాళీ అయితే బర్నౌట్. అప్పుడు స్పెషల్స్ బ్లాక్ చేసినా లైఫ్ పోతుంది, ప్రతి బ్లాక్‌లో నాలుగు ఫ్రేములు (ఫ్రేమ్ అంటే సెకనులో అరవయ్యో వంతు) ఎక్కువసేపు ఇరుక్కుంటాం, కార్నర్‌లో, అంటే వేదిక అంచున, డ్రైవ్ ఇంపాక్ట్ బ్లాక్ చేసినా స్టన్ అయి కాసేపు కదలలేం. రెండు రష్‌లు ఊరికే వాడేసినవాళ్లు అరనిమిషంలో ఓడిపోవడం ఇందుకే.

డ్రైవ్ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది, అంటే సుమారు 0.43 సెకను. చూసి స్పందించడానికి అది చాలు. అయినా కొత్తవాళ్లకు తగులుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ సమయంలో వాళ్లు హెవీ కిక్ మధ్యలో ఉంటారు. అది రెండు దెబ్బల్ని తట్టుకుని వస్తుంది కాబట్టి ఇంకో బటన్ నొక్కినా ఆగదు. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి (సాధన కోసం నిలబడే ప్రత్యర్థి) ఒక స్లాట్‌లో డ్రైవ్ ఇంపాక్ట్, ఇంకో రెండింటిలో మామూలు దెబ్బలు రికార్డ్ చేసి, యాదృచ్ఛికంగా ప్లే చేయండి. ఇంపాక్ట్‌కి ఇంపాక్ట్‌తోనే బదులివ్వాలి. ఎక్కడ ఆలస్యమైందో కింద ఫ్రేమ్ మీటర్ రంగుల్లో చూపిస్తుంది. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి సాధనం అక్కర్లేదు.

సులువైన మోడర్న్ కంట్రోల్స్ అన్యాయమనే గోల అనవసరం. ఒక్క బటన్‌తో స్పెషల్ వస్తుంది, బదులుగా దాని డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, కొన్ని పంచ్‌లు, కిక్‌లు ఉండవు. న్యాయమైన బేరం. రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ (ఆన్‌లైన్ ఆటలో నెట్ ఆలస్యాన్ని కప్పిపుచ్చే పద్ధతి) కూడా గట్టిది. మ్యాచ్ ఒప్పుకునే ముందు అవతలివాళ్లది వైఫైయో కేబులో చూపిస్తుంది. వైఫై అని ఉంటే వదిలేయండి.

ఇక అసలు లోపం, కార్నర్‌లో త్రో, అంటే బ్లాక్ చేసినా ఆగకుండా పట్టుకుని విసిరేయడం. త్రో తిని లేచేసరికి అవతలివాడు పక్కనే ఉంటాడు, మళ్లీ త్రో వేయగలడు. ఇదే త్రో లూప్. టెక్ చేద్దామని, అంటే త్రోని విడిపించుకుందామని, బటన్ నొక్కితే అతను కాస్త వెనక్కి జరుగుతాడు, మన త్రో గాల్లో పోతుంది, ఆపైన పెద్ద కాంబో. పారీ (దెబ్బల్ని పక్కకు తోసే రక్షణ) పట్టుకుని ఉంటే త్రో పనిష్ కౌంటర్ అయి ఇంకా గట్టిగా తగులుతుంది. జంప్ చేస్తే లేస్తూనే దెబ్బ. ఎందుకు ఓడామో స్పష్టంగానే తెలుస్తుంది, కానీ ఊహించడం తప్ప చేసేదేం లేదు. ఊహ తప్పితే మళ్లీ అదే చోట కూర్చోబెడుతుంది. ఇంత ఆలోచించి కట్టిన ఆటలో ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

కొంత ఊరటనిచ్చేది ఆలస్యపు టెక్. లేస్తూ కిందికి-వెనక్కి పట్టుకుని, కొన్ని ఫ్రేములు ఆగి త్రో బటన్లు నొక్కాలి. దెబ్బ వస్తే బ్లాక్‌లో ఉంటాం కాబట్టి ఆ బటన్లు పనిచేయవు, త్రో వస్తే టెక్ అవుతుంది. వెనక్కి జరిగేవాడికి మాత్రం ఇది దొరికిపోతుంది, కాబట్టి అప్పుడప్పుడూ ఏమీ నొక్కకుండా ఉండాలి. కార్నర్‌కి దగ్గరవుతున్నప్పుడు రెండు బార్లయినా దాచుకోండి, బ్లాక్ చేస్తూనే డ్రైవ్ రివర్సల్‌తో అతన్ని తోసేయొచ్చు.

ఈ లూప్ అందరు క్యారెక్టర్లకూ ఒకేలా కుదరదు. మీరు ఎంచుకున్నవాళ్లకు ఉందో లేదో తేల్చుకోవాలంటే డమ్మీని కార్నర్‌లో పెట్టి, లేస్తూనే జ్యాబ్ (వేగమైన చిన్న పంచ్) కొట్టేలా సెట్ చేసి, త్రో తర్వాత మళ్లీ త్రో వేసి చూడండి. జ్యాబ్ మీకే తగిలిందంటే మీ క్యారెక్టర్‌కి అంత సులువుగా ఆ లూప్ లేనట్టే.