స్కార్ఫ్ అల్లేశానోచ్

మొత్తానికి క్రోషేతో (కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లే అల్లకం) ఒక స్కార్ఫ్ పూర్తయింది, పసుపుకొమ్ము రంగు ఊలు. హైదరాబాద్ చలికి ఇది అవసరమా అన్నాడు మా ఆయన, డిసెంబర్‌లో పొద్దున్నే బండి మీద వెళ్ళేటప్పుడు తెలుస్తుందిలే అన్నా.

నిజానికి ఇందులో పెద్ద విద్యేం లేదు, 5 మిల్లీమీటర్ల సూది, ఓ 200 గ్రాముల ఊలు ఉంటే చాలు, ముందు గొలుసు అల్లుకుని దానిమీద డబుల్ క్రోషే అనే పొడుగు కుట్టు వరసలు వేసుకుంటూ పోవడమే, వరస తిరిగే ప్రతిసారీ 3 గొలుసులు వేసి తిప్పాలి అంతే. నిట్టింగ్‌లా రెండు సూదులక్కర్లేదు, ఒక్క కుట్టు జారిందని కిందదాకా ఊడిపోదు, నచ్చకపోతే లాగేసి మళ్ళీ అదే ఊలుతో అల్లుకోవచ్చు, నాకైతే ఇదే భలే నచ్చింది.

మా అమ్మమ్మ వాళ్ళది నరసాపురం వైపు. అక్కడి లేసు అల్లకం కూడా క్రోషేనే, 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్నదే, 2024లో జీఐ ట్యాగ్ (ఇది ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. సన్నటి నూలు దారంతో, అరుగు మీద కబుర్లాడుకుంటూ, చేతుల వంక చూడకుండానే అల్లేస్తారు వాళ్ళు! నేనేమో ఇంత లావు ఊలుతో కూడా ప్రతి కుట్టూ లెక్కపెడుతున్నా. పైగా అసలు క్రోషే మెషిన్ మీద రాదు, మొత్తం చేత్తోనే, అది తెలిశాక వాళ్ళల్లే లేసు టేబుల్ క్లాత్‌లకి బేరమాడాలంటే నోరు రావట్లేదు.

సరే గానీ, అంచుకి కుచ్చులు పెట్టనా వద్దా? అక్క వద్దంటోంది, ఊలు మాత్రం ఇంకో ఉండ మిగిలింది 😄