తలనొప్పి అంటే ఆగాలి: పిల్లలతో లాంగ్‌టాంగ్ లోయ, యాలా శిఖరం

"ఈసారి సెలవులకు చుట్టాల ఇళ్లలో సోఫాల మీద కూర్చోవడానికి నేను రాను. కొండలకైతే వస్తాను" అంది మా పదిహేనేళ్ల అమ్మాయి. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగిన పిల్ల. అమ్మమ్మ ఇంటిని కాదన్నందుకు మనసు చివుక్కుమన్నా, అడిగింది మంచి చోటే. నేపాల్‌లో లాంగ్‌టాంగ్ లోయ, దాని చివర యాలా శిఖరం. పెద్దగా అనుభవం లేనివాళ్లు మొదటిసారి క్రాంపాన్లు (మంచులో పట్టు కోసం బూట్లకు తగిలించే ఇనుప పళ్లు) కట్టుకుని, తాడు పట్టుకుని ఎక్కడానికి చాలామంది ఎంచుకునే కొండ అది. ఎత్తు అయిదున్నర వేల మీటర్ల పైమాటే.

పిల్లల్ని తీసుకెళ్లాలనుకునే తెలుగు తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. దారి వివరాలు ఎలాగూ చెబుతాను. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన ఇళ్లలో పిల్లలకు నూరిపోసే "మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలి" అన్న మాట నాలుగు వేల మీటర్ల పైన ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు సెలవుల లెక్క చూద్దాం. ఈ లోయకు మంచి కాలాలు రెండు: అక్టోబరు, నవంబరు ఒకటి, ఏప్రిల్, మే మరొకటి. అమెరికా పిల్లల వేసవి సెలవులు సరిగ్గా వానల్లో పడతాయి. జలగలు, మబ్బులు, దారి మీద విరిగిపడే కొండచరియలు. వాళ్ల స్ప్రింగ్ బ్రేక్ వారం దీనికి ఏ మూలకూ చాలదు. ఆస్ట్రేలియాలో మాకు సెప్టెంబరు చివర రెండు వారాలు దొరుకుతాయి కానీ అప్పటికి నైరుతి రుతుపవనాలు నేపాల్‌ను పూర్తిగా వదలకపోవచ్చు. 2024లో సెప్టెంబరు చివరి వారంలో కురిసిన వానలకు, వరదలకు అక్కడ రెండు వందల మందికి పైగా చనిపోయారు. అందుకే బడి మొదలయ్యాక నాలుగైదు రోజులు సెలవు అడిగైనా సరే, ప్రయాణాన్ని అక్టోబరులోకి జరపమంటాను. ఆ రోజుల్లోనే మన దసరా, వాళ్ల దసైం. గైడ్లు, పోర్టర్లు పండక్కి ఇంటికి వెళ్లాలనుకుంటారు. తేదీలు ఖాయం చేసుకునే ముందే వాళ్లను అడగడం మర్యాద.

కాగితాల దగ్గర ఒకే కుటుంబం రెండుగా చీలుతుంది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు నేపాల్ వీసా అక్కర్లేదు. పిల్లల చేతిలో ఆస్ట్రేలియాదో అమెరికాదో పాస్‌పోర్టు ఉంటే కాఠ్మాండూ విమానాశ్రయంలో వీసా తీసుకోవాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డు అక్కడ పనికిరాదు. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50. వాతావరణం ఆపేసినా తొందరపడకుండా 30 రోజులదే తీసుకోండి. జాతీయ పార్కు రుసుము కూడా సార్క్ దేశాలవాళ్లకు తక్కువ, మిగతావాళ్లకు ఎక్కువ. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు లైసెన్సు ఉన్న గైడును వెంట తీసుకెళ్లాలన్న నియమం ఉంది. శిఖరం ఎక్కడానికి కనీస వయసు ఎంతో కూడా డబ్బు కట్టకముందే ఏజెన్సీ చేత రాయించుకోండి. ఇన్సూరెన్సులో రెండు మాటలు వెతకండి: 6,000 మీటర్ల వరకు హెలికాప్టర్ రక్షణ ఉందా, తాడు వాడే కొండ ఎక్కడం వర్తిస్తుందా. మామూలు ప్రయాణ పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది, తాడు మాట వస్తే అసలు వర్తించకపోవచ్చు.

కాఠ్మాండూ నుంచి స్యాబ్రూబేసికి జీపులో రోజంతా పడుతుంది. అక్కడ ఎత్తు సుమారు 1,500 మీటర్లు. మర్నాడు నది పక్కనే అడవిలో నడుస్తూ బాంబూ అనే మకాం దాటి లామా హోటల్ చేరతారు, దాదాపు 2,450 మీటర్లు. పిల్లలు ఈ మొదటి రోజే పరుగులు పెట్టి అలిసిపోతారు. పొద్దున ఎండ, ఉక్క, చివర్లో రిమ్చే దాకా నిలువు ఎక్కుడు. ముక్కుతో ఊపిరి తీసుకుంటూ మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవాలన్న నియమం ఆ రోజు నుంచే పెట్టాలి.

రెండో రోజు దగ్గర చాలా ప్యాకేజీలు తప్పటడుగు వేస్తాయి. లామా హోటల్ నుంచి ఒక్కరోజులో లాంగ్‌టాంగ్ ఊరు, అంటే 3,430 మీటర్లకు తీసుకెళ్తాయి. దాదాపు వెయ్యి మీటర్ల తేడా. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఎత్తు పెంచకుండా ఆగాలనీ ఎత్తు వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. కాబట్టి మధ్యలో ఘోడాతబేలాలో, సుమారు 3,000 మీటర్ల దగ్గర, ఒక రాత్రి ఆగండి. తర్వాతి రాత్రి లాంగ్‌టాంగ్, ఆ తర్వాత బౌద్ధ మఠం ఉన్న క్యాంజిన్ గోంపా, దాదాపు 3,870. ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఆ రోజు కోసం ఏజెన్సీతో గట్టిగా మాట్లాడండి, సిగ్గుపడకండి.

లాంగ్‌టాంగ్ ఊరికి ముందు రాళ్ల మేటల మీదుగా నడుస్తారు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో లాంగ్‌టాంగ్ లిరుంగ్ శిఖరం వైపు నుంచి మంచు, రాళ్లు విరుచుకుపడి పాత ఊరిని కప్పేశాయి. ఊరివాళ్లు, ట్రెక్కర్లు కలిపి వందల మంది పోయారు. కొందరి శరీరాలు ఇప్పటికీ దొరకలేదు. పిల్లలకు ఈ సంగతి అక్కడికి చేరకముందే చెప్పాలి, ఆ రాళ్ల మీద ఫొటోలకు నవ్వుతూ నిలబడకుండా ఉంటారు. దారి పొడవునా మంత్రాలు చెక్కిన మణి గోడలు ఉంటాయి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పటిలాగే వాటిని మన కుడి చేతి వైపు ఉంచుకుని నడవాలి. బతికి బయటపడినవాళ్లు నెలల తరబడి కాఠ్మాండూలో శిబిరంలో ఉండి, తిరిగొచ్చి ఊరిని కాస్త పైన మళ్లీ కట్టుకున్నారు. ఇక్కడ లాడ్జీలు నడిపేవాళ్ల పిల్లలు చాలాసార్లు కాఠ్మాండూలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఉంటారు, సెలవులకే ఇంటికి వస్తారు. మన పిల్లలు వాళ్లతో ఒక సాయంత్రం పేకాట ఆడితే, రెండు ఊళ్ల మధ్య పెరగడం ఎలా ఉంటుందో మనం చెప్పే దానికన్నా బాగా మాట్లాడుకుంటారు.

తిండి విషయంలో మనవాళ్లకు ఇబ్బంది లేదు. దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, కూర, మారు వడ్డిస్తారు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి చిన్న సీసాలో ఆవకాయ, కాస్త కారప్పొడి తీసుకెళ్లండి, రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. మాంసం మాత్రం వద్దు, కింది నుంచి రోజుల తరబడి మోసుకొస్తారు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు, క్లోరిన్ మాత్రలు వేసుకుని. దారిలో ఏటీఎం ఉండదు, నేపాలీ రూపాయలు కాఠ్మాండూలోనే తీసుకోండి.

క్యాంజిన్‌లో కనీసం మూడు రాత్రులు ఉండాలి. యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. మొదటి రోజు క్యాంజిన్ రీ (రీ అంటే కొండ) కింది మలుపు దాకా ఎక్కి దిగాలి. రెండో రోజు త్సెర్కో రీ, 4,984 మీటర్లు. తెల్లవారుజామునే బయల్దేరాలి, మధ్యాహ్నం దాటితే గాలి నిలబడనివ్వదు. పిల్లలు దీన్ని ఎక్కి, దిగి, రాత్రి అన్నం తిని నిద్రపోగలిగితేనే యాలా గురించి మాట్లాడాలి. మూడో రోజు సామాను, తాడు సాధన. క్రాంపాన్ల మీద కాళ్లు ఎడంగా వేసి పాదం మొత్తం ఆన్చాలి. దగ్గరగా వేస్తే పళ్లు రెండో కాలి ప్యాంటులో దిగి బోర్లా పడతారు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ఇలాగే. ఐస్ యాక్స్, అంటే మంచు గొడ్డలి, ఎప్పుడూ వాలుకు పైవైపు చేతిలో ఉండాలి. కారబినర్ (తాడుకు తగిలించే కొక్కెం) తగిలించడం, జుమార్ (తాడు మీద పైకి జరిగి కిందికి జారకుండా పట్టే పరికరం) జరపడం మందపాటి గ్లవ్స్ తోనే చేసి చూపించాలి, చీకట్లో వేళ్లు బయటపెట్టే వీలుండదు. బూట్ల సంగతి అంతకన్నా ముందే తేల్చుకోవాలి. చిన్న సైజు కొండ బూట్లు కాఠ్మాండూలో ట్రెక్కింగ్ కొట్లుండే థమేల్‌లో అద్దెకు దొరకడం కష్టం, దొరికినవాటికి క్రాంపాన్ బిగుసుకుంటుందో లేదో ఆ కొట్లోనే కట్టించి చూడాలి. తాడు తగిలించుకోవడానికి నడుముకు కట్టుకునే హార్నెస్ కూడా అంతే.

క్యాంజిన్ నుంచి యాలా బేస్ క్యాంపుకు నాలుగైదు గంటలు. ఎత్తు 4,600 పైనే, గుడారాలు తప్ప లాడ్జి లేదు. రాత్రి రెండు మూడు గంటలకు బయల్దేరతారు. ముందు వదులు రాళ్లు, తర్వాత మంచు వాలు, చివర ఇరుకైన గట్టు. యాలా హిమానీనదం 1970ల నుంచి 66 శాతం కుంచించుకుపోయింది. 2025 మేలో దానికి అక్కడే నివాళి సభ కూడా జరిపారు. కాబట్టి పాత వివరణల్లో మంచు అని రాసిన చోట ఇప్పుడు మీకు జారే రాళ్లు ఎదురుకావచ్చు. పది, పదకొండు గంటల మధ్య ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఎండకు మంచు మెత్తబడుతుంది, మబ్బు కమ్ముతుంది, పైగా దిగేటప్పుడు అలిసిన కాళ్లు మొరాయిస్తాయి.

ఇక అసలు మాట. తలనొప్పి, దాంతో పాటు వికారమో, ఆకలి లేకపోవడమో, కళ్లు తిరగడమో, విపరీతమైన నీరసమో ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ రోజు పైకి వెళ్లకూడదు. గీత మీద ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆన్చుతూ నడవమన్నప్పుడు తూలితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే కిందికి. ఎత్తు జబ్బుకు వాడే డయమాక్స్ మాత్ర పిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. లక్షణాలు కప్పిపెట్టి పైకి నడిపించడానికి ఇవ్వకూడదు.

అయితే ఈ లక్షణాలు బయటికి రావాలంటే పిల్లలు నోరు విప్పాలి. మన పిల్లలు విప్పరు. "ఐ యామ్ ఫైన్" అంటారు. కూచిపూడి క్లాసు, లెక్కల ట్యూషన్, తెలుగు బడి, ఏదీ మధ్యలో మానెయ్యనివ్వకుండా పెంచాం. అంత డబ్బు కట్టాం, అంత దూరం వచ్చాం అన్నది మనం పైకి అనకపోయినా వాళ్లకు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే బయల్దేరకముందే ఇంట్లో ఒక ఒప్పందం ఉండాలి. పిల్లలు "చాలు" అంటే చర్చ లేదు, కారణం అడగడం లేదు, ఆ శిఖరం మాట మళ్లీ ఎత్తడం లేదు. ఆ మాట మనతో కాక నేరుగా గైడుతో చెప్పే వీలు కూడా వాళ్లకు ఉండాలి. అమ్మ ముఖం చూసి మాట మింగేసే పిల్లలు గైడు దగ్గర నిజం చెబుతారు.

ఊళ్లో పెద్దవాళ్లు భయపడితే మనవాళ్లు వెంటనే మలావత్ పూర్ణ పేరు తీస్తారు. నిజామాబాద్ జిల్లా పిల్ల, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయంటే నాకు ఎంతో గౌరవం. అయితే ఆమె భువనగిరి బండల మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ దాకా శిక్షణ పొంది వెళ్లింది. ఆ పేరు చెప్పి, ఏడాదికోసారి బడి క్యాంపులో నడిచే పిల్లను పైకి తొయ్యడం న్యాయం కాదు.

ఇంట్లో పియానో మానేస్తానంటే కుదరదంటాను, కొండ మీద చాలంటే సరే అనాలంటాను. ఈ రెండూ ఒకే పిల్లకు ఒకే నోటితో ఎలా చెప్పాలో నాకింకా అంతుపట్టలేదు. ఎప్పుడు పట్టుదల కావాలో, ఎప్పుడు వదిలెయ్యాలో ఆ వయసులో తనకు తెలుస్తుందా? మనకైనా తెలుసా? అసలు త్సెర్కో రీ పైనుంచి కూడా లాంగ్‌టాంగ్ లిరుంగ్, గంగ్‌చెంపో నిండుగా కనిపిస్తాయి, తాడు అక్కర్లేదు, గుడారంలో వణకనక్కర్లేదు. యాలా పేరు ముందే చెప్పకుండా ఉంటే మంచిదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ ఆ పేరే కదా తనను రప్పిస్తున్నది. బేస్ క్యాంపు గుడారాలకు, క్లైంబింగ్ గైడుకు విడిగా ఎంతవుతుందో ఏజెన్సీని అడిగి పెట్టుకోండి. ఆ భాగం రద్దు చేసుకుంటే పోయే మొత్తం ముందే తెలిసి ఉంటే, క్యాంజిన్‌లో పిల్ల ముఖం చూసి నిర్ణయించేటప్పుడు డబ్బు మాట అడ్డు రాదు.