సంచిలో ఒకే రకం బంతి

విజయవాడలో ఉంటూ గోల్ఫ్ ఆడతానని చెబితే వినేవారు ముందు నవ్వుతారు, ఆ తర్వాత ఎక్కడ అని అడుగుతారు. ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉన్న ఆరేళ్లలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఈ ఆట నేర్చుకున్నాను. పదవీ విరమణ చేసి పటమటలో స్థిరపడిన తర్వాత కూడా నెలకొకసారి ఉదయం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి, రాత్రికి బంధువుల ఇంట్లో ఉండి, మరునాడు 18 హోల్స్, అంటే బంతిని దించవలసిన పద్దెనిమిది రంధ్రాలూ, ఆడి తిరిగి వస్తాను. మిగిలిన రోజుల్లో మేడ మీద కట్టుకున్న వల, ఒక పచ్చని చాప, ఒక పుట్టర్, అంటే బంతిని నేల మీద మెల్లగా దొర్లించే కర్ర, ఇవే నాకు మైదానం. నెలకు ఒక్క ఆట మాత్రమే దొరికే మనిషికి బంతి గురించి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది; నేను కాస్త ఎక్కువే ఆలోచించాను.

చాలాకాలం నా సంచిలో ఐదారు రకాల బంతులు కలగలిసి ఉండేవి. కొన్నవి కొన్ని, ఎవరో ఇచ్చినవి కొన్ని, పొదల్లో నా బంతి కోసం వెదుకుతుంటే దొరికినవి మరికొన్ని. ఒకసారి ఏడో హోల్ దగ్గర నేను సంచిలో చేయి పెట్టి తడుముతుంటే, పాతికేళ్లుగా ఆటగాళ్ల సంచి మోసే క్యాడీగా ఉన్న పెద్దాయన మెల్లగా అన్నాడు: "హోలుకో రకం బంతి తీస్తే చేతికెలా తెలుస్తాది సార్?" నియమాల ప్రకారం మామూలు ఆటలో ఒక హోల్ పూర్తయ్యాక మరో బంతి తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆయన మాట్లాడింది నియమం గురించి కాదు.

బంతి పరిమాణం గురించి మనం ఎంచుకోవలసినదేమీ లేదు. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. ఈ హద్దుల లోపల తయారీదారులు మార్చగలిగినవి ముఖ్యంగా మూడు: లోపలి రబ్బరు గుండె, దాని మీది పొరల సంఖ్య, పైతొడుగు. ఒక గుండె, ఒక తొడుగు ఉన్నది టూ పీస్ బంతి. మధ్యలో మరో పొర చేరితే త్రీ పీస్. చౌక బంతుల తొడుగు ఎక్కువగా అయొనోమర్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనూ, ఖరీదైన వాటి తొడుగు యూరిథేన్ అనే మెత్తని పదార్థంతోనూ తయారవుతుంది. 2000 చివర్లో టైటిలిస్ట్ కంపెనీ ప్రో వీ1 బంతి వచ్చిన తర్వాత, అంతవరకు లోపల రబ్బరు దారం చుట్టిన బంతులతో ఆడిన నిపుణులు చాలా కొద్దికాలంలోనే ఈ యూరిథేన్ తొడుగు బంతుల వైపు మళ్లారు.

అందరూ బంతిని డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే కర్రతో, కొట్టి చూసి ఎంచుకుంటారు. నేనూ అదే చేశాను, అదే పొరపాటు. డ్రైవర్ దెబ్బకు బంతి గుండె దాకా నలుగుతుంది కాబట్టి అక్కడ తొడుగు చేసే తేడా స్వల్పం; నాలాగా 180 గజాలు కొట్టేవాడికి బంతికీ బంతికీ మధ్య వచ్చే వ్యత్యాసం, నా ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఉండే వ్యత్యాసంలో కొట్టుకుపోతుంది. తొడుగు అసలు స్వభావం తెలిసేది రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, అంటే గ్రీన్ దగ్గర. బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్ అనే కర్ర ముఖం మీది గాడులు మెత్తని యూరిథేన్‌ను కరిచి పట్టుకుంటాయి, కింది గట్టి పొర దానికి దన్నుగా నిలుస్తుంది, బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ లేచి, గ్రీన్ మీద ఒకటి రెండు గెంతులు వేసి ఆగుతుంది. అయొనోమర్ తొడుగు మీద అదే వెడ్జ్ కాస్త జారుతుంది, అందువల్ల బంతి దిగిన తర్వాత ముందుకు దొర్లుతుంది.

ఇది తెలిశాక యూరిథేన్ బంతే మేలని తేల్చేసి ఒక డజను కొన్నాను. నా అంచనా తప్పని గుంటూరు మిత్రుడితో కలిసి ఆడిన రోజున బోధపడింది. ఆయనకు మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. చేతిలో మంచి పనితనం ఉంది, ముప్పై గజాల నుంచి వెడ్జ్‌తో బంతిని కొబ్బరిచెట్టంత ఎత్తు లేపి జెండా పక్కన దించుతాడు. నేనేమో ఎనిమిదో నంబరు ఐరన్ కర్రతో బంతిని నేలబారుగా తోసి, దొర్లించి గ్రీన్ ఎక్కిస్తాను. ఆ సాయంత్రం ఇద్దరం ప్రాక్టీసు గ్రీన్ దగ్గర రెండు రకాల బంతులు చెరి పదేసి తీసుకుని ఇరవై గజాల నుంచి ఆడి చూశాం. ఆయన యూరిథేన్ బంతులు జెండా చుట్టూ చేరాయి, అయొనోమర్ బంతులు దాటిపోయాయి. నా రెండు కుప్పలకూ మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. దొర్లించి ఆడేవాడికి, ఆగడానికి ఉపయోగపడే స్పిన్‌తో పనేముంది? పైగా ఆటకు నాలుగు బంతులు పోగొట్టుకునే నేను, ఒకదాని ధరకు మూడు మామూలు బంతులు వచ్చే సరుకును పొదలపాలు చేస్తున్నాను. ఆయన బంతి ఆయనకు సరైనది, నాది నాకు. ఈ మాటను డబ్బా మీద ఎవరూ అచ్చు వేయరు.

నెమ్మదిగా కొట్టేవారు మెత్తని బంతి, అంటే తక్కువ కంప్రెషన్ బంతి వాడాలన్న సలహా ఎక్కడ చూసినా వినిపిస్తుంది. గట్టి బంతిని వారు నొక్కలేరన్నది దాని వెనుక ఉన్న వాదం. నిజానికి ఏ దెబ్బకైనా ఏ బంతైనా కొంత నలుగుతుంది, మరీ మెత్తని బంతి వేగం కొంచెం తక్కువగానే ఉంటుంది. మెత్తదనం ప్రధానంగా చేతికీ చెవికీ సంబంధించినది. మేడ మీద పుట్టర్‌తో ఆడినప్పుడు గట్టి బంతి టక్కుమంటుంది, మెత్తనిది టప్పుమంటుంది. ఆ మందమైన చప్పుడు నాకు దెబ్బ సరిగా తగలలేదన్న భ్రమ కలిగించి, తర్వాతిది గట్టిగా కొట్టించేది. పార్ 72, అంటే 72 దెబ్బల్లో ముగించాలని లెక్కగట్టిన మైదానంలో ప్రతి హోల్‌కు రెండు చొప్పున 36 పుట్‌లు (పుట్టర్ దెబ్బలు) ఆ లెక్కలోనే ఉన్నప్పుడు, చప్పుడు నచ్చకపోవడం చిన్న కారణం కాదు.

స్లైస్‌ను, అంటే బంతి కుడివైపుకు వంగిపోవడాన్ని, తగ్గించే బంతి అని ఆశపడి కొన్నది కూడా ఒకటి ఉంది. తక్కువ స్పిన్ ఉన్న బంతి పక్కకు వంగడం కాస్త తగ్గవచ్చు, కానీ కర్ర ముఖం కుడివైపుకు తెరుచుకుని కొడితే ఏ బంతైనా కుడివైపు పొదల్లోకే పోతుంది.

బంతి మీది డింపుల్స్, అంటే చిన్న గుంటల సంఖ్య చూసి కొనడం కూడా అనవసరం. అవి ఎందుకున్నాయన్నది మాత్రం ముచ్చటైన విషయం. 1848 ప్రాంతంలో వచ్చిన గట్టాపర్చా అనే చెట్టు జిగురుతో చేసిన బంతులు కొత్తగా నున్నగా ఉన్నప్పటికంటే, దెబ్బలు తిని గాట్లు పడ్డాక బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్లు గమనించారు. 1905లో విలియం టేలర్ అనే ఆంగ్లేయుడు గుంటల అమరికకు పేటెంట్ తీసుకున్నాడు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, నీరు వదిలినప్పుడు కిందికి చూస్తే స్తంభాల వెనుక సుళ్లు తిరిగే పట్టీ ఒకటి కనిపిస్తుంది. నున్నని బంతి వెనుక గాలిలో అలాంటి పట్టీ వెడల్పుగా ఏర్పడి బంతిని వెనక్కి లాగుతుంది. గుంటలు ఉపరితలం మీది గాలిని కలియబెట్టి, అది బంతి వెనుక దాకా అంటిపెట్టుకుని ఉండేలా చేసి, ఆ పట్టీని సన్నబరుస్తాయి. గుంటలు లేని బంతి దాదాపు సగం దూరమే పోతుంది. వాటి సంఖ్య సాధారణంగా 300, 400 మధ్య ఉంటుంది. మూడు వందల ముప్పైయా, మూడు వందల తొంభైయా అన్నది మనం తల బద్దలు కొట్టుకోవలసిన విషయం కాదు.

గోల్ఫ్ బంతి నీటికంటే సుమారు 1.13 రెట్లు సాంద్రమైనది, అందుకే మంచినీటిలో మునుగుతుంది. లీటరు నీటికి పావుకిలో ఉప్పు కలిపితే తేలుతుంది. నెమ్మదిగా తిప్పి వదిలిన ప్రతిసారీ ఒకే వైపు పైకి వస్తుంటే ఆ బంతి బరువు ఒక పక్కకు ఉందని అర్థం. ఈ పరీక్ష కోసం బకెట్టు సిద్ధం చేస్తుండగా మా ఆవిడ వచ్చి, "ఏమండీ, అది ఆవకాయకు తెచ్చిన ఉప్పు" అన్నది. పన్నెండు బంతుల్లో ఒకటి మాత్రం మొండిగా ఒకే వైపు తిరిగింది. దాన్ని మేడ మీది వలకు కేటాయించాను. నా పుట్‌లు తప్పడానికి ఆ బంతిని నిందించే ధైర్యం మాత్రం నాకు లేదు.

చెరువుల్లోంచి తీసి శుభ్రం చేసిన పాత బంతులను ఆన్‌లైన్‌లో ఒకసారి తెప్పించాను. కొత్తవాటిలా ఉన్నాయని రాసిన ఆ అమ్మకందారు పంపిన వాటిలో మూడింటి మీద కొత్త రంగు వేసి ఉంది, రెండు ఆటలకే పెచ్చులూడింది. రంగు వేయని పాత బంతి, అదీ ఏ రకమో స్పష్టంగా కనిపించేది, సాధన చేసుకోవడానికి బాగానే పనికొస్తుంది.

రంగు విషయంలో నాకు సందేహం లేదు. 2019 నుంచి పోయిన బంతిని వెదకడానికి నియమాలు ఇచ్చే సమయం ఐదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది. అరవై దాటిన నా కళ్లకు ఎండుగడ్డిలో తెల్ల బంతి కనిపించేసరికి ఆ మూడు నిమిషాలూ అయిపోతాయి. అందుకని పసుపు రంగు టూ పీస్ బంతులు రెండు డజన్లు, ఒకే తయారీవి తెప్పించుకుని, ప్రతిదాని మీదా నల్ల మార్కర్‌తో రెండు చుక్కలు పెట్టుకున్నాను. మొన్నటి ఆటలో క్యాడీ పెద్దాయన మూడు హోల్స్ వరకు ఏమీ అనకుండా చూసి, నాలుగో దగ్గర సంచిలోంచి తనే ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.