ఆర్ద్ర కార్తెలో ఆర్ద్ర ఎందుకు కనిపించదు

మృగశిర వస్తుందంటే పత్తి గింజల మాట, ఆర్ద్ర వస్తుందంటే నాట్ల మాట. కార్తె పేరు పలకని రైతు ఇల్లు వరంగల్ చుట్టుపక్కల ఇప్పటికీ తక్కువే. ఆర్ద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రెండు వారాలూ ఆర్ద్ర నక్షత్రాన్ని (ఇంగ్లీషులో బెటెల్‌గూస్) మాత్రం చూడలేం. కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం దిక్కున ఉన్న కాలం కాబట్టి ఆ చుక్క పగటి వెలుగులో మునిగిపోతుంది. రాత్రి పూట దాన్ని చూడాలంటే ఆర్నెల్లు ఆగి చలికాలంలో చూడాలి.

ఒకే దిక్కున నిలిచే ఈ రెండు నక్షత్రాల మీద ఇప్పుడు జోరుగా పరిశోధన జరుగుతోంది. సూర్యుడి మచ్చలు ఎందుకు పెరిగి తగ్గుతాయి, ఆర్ద్ర వెలుగు ఎందుకు ఊగిసలాడుతుంది అన్నవి ఆ ప్రశ్నలు. రెండింటినీ మన డాబా మీద నుంచే పద్ధతిగా లెక్కగట్టి రాసుకోవచ్చు.

ముందు సూర్యుడు. టెలిస్కోపులోంచి నేరుగా సూర్యుణ్ణి చూడకూడదు, ఒక్క క్షణమైనా. ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే చిన్న గొట్టానికి) మరతో బిగించే చిన్న నల్ల గాజులు, ఏవీ పనికిరావు. ఆ చిన్న గాజు ఉండేది వేడంతా ఒక్కచోట కూడే దగ్గర. అది పగిలితే వెలుగంతా కంట్లోకే వస్తుంది. బొమ్మను కాగితం మీద పడేసి చూడడమే మేలైన దారి.

60 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న మామూలు టెలిస్కోపు చాలు. అద్దం టెలిస్కోపులతో ఈ పని పెట్టుకోకండి, లోపల వేడెక్కి పాడవుతాయి. కటకం నాభి దగ్గర సూర్యుడి బొమ్మ ఆరున్నర మిల్లీమీటర్లే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, దానికి 48 సెంటీమీటర్ల వెనక తెల్ల డ్రాయింగ్ షీటు బిగిస్తే 15 సెంటీమీటర్ల వృత్తం వస్తుంది. వృత్తాన్ని ముందే పెన్సిల్‌తో గీసి పెట్టుకోవాలి. గొట్టం చుట్టూ కార్టన్ అట్ట తొడిగి షీటు మీద నీడ పడేలా చెయ్యండి, లేకపోతే చిన్న మచ్చలు వెలిసిపోతాయి. ఫైండర్‌కి (గురి చూసుకునే పక్క టెలిస్కోపుకి) మూత తప్పనిసరి. ఐపీస్‌లో ప్లాస్టిక్ భాగాలున్నా, కటకాలు అంటించి ఉన్నా వేడికి చెడిపోతాయి. అంటింపు లేని పాతకాలపు హైగెన్స్ రకం ఐపీస్ ఈ పనికి బాగా తట్టుకుంటుంది. అదైనా ఐదారు నిమిషాలకోసారి గొట్టాన్ని పక్కకు తిప్పి చల్లార్చాలి.

టెలిస్కోపును గురి పెట్టేటప్పుడు కన్ను అవసరం లేదు. నేల మీద గొట్టం నీడ ఎంత చిన్నదైతే గురి అంత సరిగా ఉన్నట్టు. బొమ్మ పడ్డాక గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే, సుమారు రెండు నిమిషాల్లో సూర్యుడు తన వ్యాసమంత దూరం జరిగిపోతాడు. ఒక మచ్చ జరిగిన గీత వెంట స్కేలు పెట్టి గీస్తే అదే తూర్పు పడమర రేఖ, జరిగిన వైపు పడమర. సూర్యుడి అక్షం ఏడాది పొడుగునా ఇటూ అటూ 26 డిగ్రీల దాకా వాలుతుంది. ఈ గీత లేని బొమ్మను రేపటి బొమ్మతో పోల్చలేం.

ఇక గాలి సంగతి. అందరూ మధ్యాహ్నం చూడబోయి, అంచులు ఉడుకుతున్న నీళ్ళలా కదులుతుంటే టెలిస్కోపును తిడతారు. తప్పు టెలిస్కోపుది కాదు. కాంక్రీటు డాబా, రాతి గుట్ట ఎనిమిదిన్నరకల్లా వేడెక్కి గాలిని కదిలిస్తాయి. నీటి మీద గాలి నిలకడగా ఉంటుంది. ఉదయ్‌పూర్ సౌర పరిశోధనశాలను ఫతేసాగర్ చెరువు మధ్య కట్టడానికి కారణం అదే. చెరువుల విషయంలో మనకు కొదవ లేదు. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి, చెరువు మీకు తూర్పున పడే గట్టు ఎంచుకోండి. ఏడున్నర నుంచి తొమ్మిది లోపు పని ముగించండి. ఎండాకాలం ఇంకా ముందే.

మచ్చలను లెక్కగట్టే సూత్రం 1848లో రుడాల్ఫ్ వోల్ఫ్ మొదలుపెట్టినదే: గుంపుల సంఖ్యను పదితో హెచ్చించి, మొత్తం మచ్చలను కలపడం. మూడు గుంపుల్లో ఏడు, ఒకటి, నాలుగు మచ్చలుంటే 30కి 12 కలిపి 42. ఒంటి మచ్చ ఒక్కటే ఉంటే 11. తప్పులెక్కువగా జరిగేది ఐపీస్ మీది దుమ్ముతో. ఐపీస్‌ను కొద్దిగా తిప్పండి, దానితో పాటు తిరిగిందంటే దుమ్మే. రెండు గుంపులు దగ్గరగా ఉన్నప్పుడు ఒకటా రెండా అన్నది ఒక్కరోజులో తేలదు, మర్నాటి బొమ్మ చూసి సరిచేసుకోవాలి. బ్రస్సెల్స్ నుంచి వెలువడే అంతర్జాతీయ సంఖ్యతో మీది సరిపోకపోతే దిగులు వద్దు. నెలాఖరున వాళ్ళ సగటును మీ సగటుతో భాగిస్తే వచ్చేది మీ టెలిస్కోపుకీ మీ కంటికీ గుణకం. అది నెలనెలా నిలకడగా ఉంటే మీ పని బాగున్నట్టే.

15 సెంటీమీటర్ల వృత్తంలో ఒక మిల్లీమీటరు అంటే 9,280 కిలోమీటర్లు. భూమి ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. ఈ కొలత షీటు మూలన చుక్కగా పెట్టుకుంటే మచ్చ ఎంతటిదో చూడగానే తెలుస్తుంది. మచ్చ నల్లగా కనిపించడానికి కారణం చుట్టూ ఉన్న 5,770 కెల్విన్ల కంటే అది దాదాపు రెండు వేలు చల్లగా ఉండడం. అక్కడ బిగిసిన అయస్కాంత క్షేత్రం కింది వేడిని పైకి రానివ్వదు.

మచ్చలు సుమారు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గడాన్ని చక్రం అంటారు. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రం 2024 అక్టోబరు ప్రాంతంలో శిఖరం చేరింది. 2024 మే సౌర తుపానుకు లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది. శిఖరం దాటిన ఈ దిగుదల కాలాన్ని చాలామంది పట్టించుకోరు గానీ నా దృష్టిలో కొత్తవాళ్ళు మొదలుపెట్టాల్సింది ఇప్పుడే. మచ్చలు మధ్యరేఖ వైపు జరుగుతూ రావడం మీ షీట్ల మీదే కనిపిస్తుంది. మీ బొమ్మను ఆదిత్య ఎల్1 చిత్రాలతో పోల్చుకోండి. 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యకు చేరిన ఆ నౌక సమాచారం ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. అందులోని సూట్ టెలిస్కోపుకున్న పదకొండు ఫిల్టర్లలో ఒకటి కాల్షియం రేఖది, అంటే కాల్షియానికే చెందిన ఒక రంగు వెలుగుది, 396.85 నానోమీటర్లు. మచ్చల చుట్టూ అయస్కాంతం ఉన్నచోటల్లా ఆ రేఖలో వెలుగు కనిపిస్తుంది.

దూరపు చుక్కలకు దారి ఈ కాల్షియమే. చుక్క ఒక బిందువు, దాని మీద మచ్చలు లెక్కపెట్టలేం. కాల్షియం రేఖ వెలుగును మాత్రం కొలవగలం. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళజ్ఞుడి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి వైణు బాపు. ఆయన ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో చూపించింది ఏమిటంటే, చల్లని నక్షత్రాల్లో కాల్షియం కె రేఖ మధ్య మెరిసే వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రం నిజ ప్రకాశం అంత ఎక్కువ. విల్సన్ 1966లో మౌంట్ విల్సన్ పరిశోధనశాలలో అదే రేఖలను పట్టుకుని ఏళ్ళ తరబడి నక్షత్రాలను కొలిచాడు. సూర్యుడి పదకొండేళ్ళ లాంటి చక్రాలు వాటికీ ఉన్నాయని 1978లో ప్రకటించాడు. మన సూర్యుడి మొత్తం వెలుగు చక్రమంతటా మారేది ఒక శాతంలో పదో వంతు మాత్రమే. ఉత్త వెలుగు కొలిచి ఆ చక్రాలను పట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆర్ద్ర సంగతి వేరు, దాని మార్పు కంటికే తెలుస్తుంది. 2019 చివర మొదలై 2020 ఫిబ్రవరికి దాని వెలుగు 1.6 మాగ్నిట్యూడ్‌కి పడిపోయింది (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). నక్షత్రం వెళ్ళగక్కిన పదార్థం ధూళిగా మారి అడ్డు రావడం, ఉపరితలంలో ఒక భాగం చల్లబడడం, రెండూ కలిసి అలా అయిందని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. దానికి అంటిపెట్టుకున్నంత దగ్గరగా ఒక తోడు నక్షత్రం ఉన్నట్టు 2025 జులైలో జెమిని నార్త్ టెలిస్కోపు చిత్రాలు వెలువడ్డాయి.

కొలవడానికి కన్ను చాలు. ఫిబ్రవరి పదో తేదీ ప్రాంతంలో రాత్రి పావు తక్కువ తొమ్మిదికి ఆర్ద్ర మన దగ్గర 79 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. పోల్చడానికి రెండు చుక్కలు: ప్రోసియాన్ 0.4, రోహిణి 0.9. ఆర్ద్ర వెలుగు ఈ రెంటి మధ్య ఎక్కడుందో ఐదు భాగాలుగా ఊహించండి. ప్రోసియాన్ నుంచి ఒక భాగం దిగువన అనిపిస్తే 0.5. రోహిణి కంటే మసకగా ఉంటే 1.1 ఉన్న పునర్వసు చుక్క పోలక్స్‌ను తోడు తెచ్చుకోండి. మూడూ దాదాపు సమాన ఎత్తులో ఉన్నప్పుడే పోల్చాలి. 30 డిగ్రీల ఎత్తున ఉన్న చుక్క వెలుగు నడినెత్తి చుక్కకంటే రెట్టింపు గాలిలోంచి వస్తుంది, మసకబారుతుంది. ఎర్ర చుక్కను తదేకంగా చూస్తే అది ఇంకా వెలిగినట్టు భ్రమ కలుగుతుంది కాబట్టి చూపును ఒకదాని నుంచి మరోదానికి చటుక్కున మార్చాలి. వెన్నెల రాత్రులు వదిలెయ్యడం మంచిది. రోహిణి కూడా స్వల్పంగా మారే చుక్కే, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

సమయం జూలియన్ తేదీలో, అంటే రోజులను ఒకే వరుసలో లెక్కపెట్టే అంకెలో రాయాలి. ఆ తేదీ మారేది గ్రీన్‌విచ్ మధ్యాహ్నం, అంటే మనకు సాయంత్రం ఐదున్నరకి. కాబట్టి మన రాత్రి మొత్తం ఒకే తేదీలో పడుతుంది. రాత్రి ఎనిమిది గంటలైతే తేదీ తర్వాత .10, పది గంటలైతే .19. వారానికి ఒక్క కొలత చాలు, ఆర్ద్ర తీరిగ్గా మారే చుక్క. మే చివరికల్లా అది పడమటి సంధ్యలో కలిసిపోతుంది. జులై చివర్లో, మొగులు తెరిపిచ్చిన తెల్లవారుజామున తూర్పున మళ్ళీ దొరుకుతుంది.