బోరు నీళ్లను బట్టే సైనోడాంటిస్

తిరుపతిలో అక్వేరియం షాపుకెళ్లి తలకిందులుగా ఈదే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావాలని అడిగే ముందు మీ బోరు నీళ్ల సంగతి చూసుకోండి. కందిపప్పు ఓ పట్టాన ఉడక్కపోతే, సబ్బు నురగ రాకపోతే, బకెట్ అంచున తెల్లటి పొర గడ్డకడుతుంటే ఆ నీళ్లలో కాఠిన్యం ఎక్కువని అర్థం. ఈ చేప, అంటే సైనోడాంటిస్ నైగ్రివెంట్రిస్, కాంగో నదీ ప్రాంతానిది. దీనికి నీళ్లలో కాఠిన్యం తక్కువగా, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 నుంచి 7.5 మధ్య ఉండాలి. బోరు నీళ్లలో సగం ఆర్ఓ నీళ్లు కలిపి ఓసారి టెస్ట్ కిట్‌తో చూడండి. కుదిరిన పాళ్లే ప్రతివారమూ పాటించాలి. అంత ఓపిక లేదంటే ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నుంచి వచ్చిన మరో సైనోడాంటిస్, పెట్రికోలా తెచ్చుకోండి. పీహెచ్ 8 దాటిన గట్టి నీళ్లే దానికి హాయి. మన ఊళ్లో చాలా ఇళ్లకు నేనైతే దాన్నే చెబుతాను.

షాపులో చేపపిల్లల్ని కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. యూప్టెరస్ అనే ఇంకో సైనోడాంటిస్ పిల్లలు కూడా తలకిందుల క్యాట్‌ఫిష్ పేరుతోనే అమ్ముడవుతుంటాయి. నైగ్రివెంట్రిస్ 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, యూప్టెరస్ 20 దాటి పెరుగుతుంది. చెరువుల్లో దొంగచాటుగా పెంచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అంటే క్లారియస్ జోలికి అసలే పోవద్దు. మీటరు దాటే చేప అది, మన దేశంలో దాని పెంపకం నిషిద్ధం.

36 × 12 × 18 అంగుళాల తొట్టిలో సుమారు 125 లీటర్లు పడతాయి. నాలుగైదు చేపలకు సరిపోతుంది, ఒంటరిగా ఉంచితే దాక్కునే ఉంటుంది. అడుగున సన్న ఇసుక పోయండి, మొనదేలిన రాళ్లకు మీసాలు అరిగిపోతాయి. నైగ్రివెంట్రిస్‌కు కొయ్య దుంగ తప్పనిసరి. పగలంతా దాని కింద పొట్ట పైకి పెట్టుకుని, కొయ్యకు అంటుకున్నట్టు ఉంటుంది. చచ్చిపోయిందేమోనని కంగారు పడకండి, మొప్పలు మామూలుగా ఆడుతుంటే బాగున్నట్టే. దీని పొట్ట వీపుకన్నా నల్లగా ఉండేది కూడా ఈ ఈత వల్లే. మేత లైటు ఆర్పాక వేయండి: మునిగే గుళికలు, వారానికి రెండుసార్లు బ్లడ్‌వార్మ్ అనే ఎర్ర పురుగులు.

ఫిల్టర్ పెట్టి మూడు నాలుగు వారాలయ్యాక, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నా వచ్చాకే చేపలు దించండి. తర్వాత వారానికి 30 లీటర్లు మార్చాలి. మున్సిపల్ నీళ్లయితే ముందే క్లోరిన్ పోగొట్టే డీక్లోరినేటర్ కలపండి.

మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ పడిపోతుంది. మూత తీసి జాలీ వేసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాల్సిందే. ఒంటికి పొలుసులు లేవు కాబట్టి తెల్లమచ్చల జబ్బు వస్తే మందు సగం మోతాదుతో మొదలుపెట్టండి, రాగి కలిసిన మందు వద్దు.

చేపను వలతో పట్టకండి. మన జెల్లలాగే దీని ఈత రెక్కల ముళ్లు బిగుసుకుని వలలో చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బాలోకి తోలండి. పొరపాటున చిక్కితే చేపను లాగొద్దు, కత్తెరతో వలనే కత్తిరించండి.