పక్కూరి కచేరీ, పాత క్యాసెట్లు: ఇప్పటిదాకా అయిన పని

పాత కచేరీ క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పోయిన చలికాలం మొదలుపెట్టాను, ఇప్పటికి సగం దాటింది. మధ్యలో డెక్ (క్యాసెట్లు నడిపే యంత్రం) బెల్టు తెగి కొన్నాళ్ళు మూలపడింది గానీ, ఎండలు మొదలైన దగ్గర్నుంచి మళ్ళీ వారాంతాల్లో కూర్చుంటున్నాను. ఈ పనిలో ఆరితేరినవాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. ఇప్పుడే పాత టేపులు చేతికొచ్చినవాళ్ళకి మాత్రం పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందు సరుకు సంగతి. నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇల్లు మారుతూ రెండు బూట్ల పెట్టెల నిండా గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం కచేరీల క్యాసెట్లు నాకిచ్చి వెళ్ళారు. ఎక్కువ భాగం తొంభై నిమిషాల మాక్సెల్ ఎక్స్ఎల్-టూలు. అట్ట మీద నీలం బాల్‌పెన్నుతో తేదీ, ఊరు, పాటల వరస. మూలన చిన్నగా అది ఎన్నో తరం కాపీయో. ఈ చివరిది రాసి పెట్టినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించినప్పుడల్లా బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, డ్రమ్ముల పక్కనుండే తాళాల (సింబల్స్) మెరుపు తగ్గుతుంది. రెండో తరమా, ఆరో తరమా అన్నది తెలిస్తే ఎంత శ్రమపడొచ్చో ముందే ఒక అంచనాకి రావచ్చు.

ఈ బృందం గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పుట్టింది. 1995 ఆగస్టులో, గిటారు వాయిస్తూ పాడే జెర్రీ గార్సియా పోయేదాకా రెండువేల మూడొందల దాకా కచేరీలు చేశారు. పాటల వరస రాత్రికో రకంగా మారేది. ఒకే పాట ఒకచోట ఏడు నిమిషాల్లో అయిపోతే మరోచోట ఇరవై దాటేది. జనం రికార్డు చేసుకుంటుంటే చూసీచూడనట్టు వదిలేసి, చివరికి 1984 అక్టోబరులో టేపర్ల (అలా రికార్డు చేసుకునేవాళ్ళ) కోసం సౌండ్ బోర్డు (మైకులూ వాయిద్యాల చప్పుడు కలిపే మిక్సింగ్ బోర్డు) వెనక విడిగా చోటు, విడిగా టికెట్లు పెట్టారు. పంచుకో, అమ్ముకోకు అన్నదొక్కటే షరతు. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్లు కొట్టి, ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన ఈ పద్యానికి రాగం ఎంతసేపు తీశాడో ఏళ్ళ తరబడి లెక్కచెప్పుకునే జనం ఉండేవాళ్ళు చూడండి, వీళ్ళూ అదే బాపతు. కాకపోతే వీళ్ళ చేతిలో టేప్‌రికార్డరు ఉంది.

టేపుల్లో ప్రధానంగా రెండు జాతులు. మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసింది సౌండ్‌బోర్డ్. జనంలో మైకు పెట్టి తీసింది ఆడియెన్స్ టేపు. సౌండ్‌బోర్డ్ అనగానే అందరూ ఎగబడతారు. నా ఓటు ఆడియెన్స్‌కే, కారణం చెప్తాను. బోర్డులోకి వెళ్ళేది స్పీకర్ల ద్వారా జనానికి వినిపించాల్సిన మిక్స్. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయర్లూ డ్రమ్ములూ స్టేజీ మీద నుంచే దంచేస్తుంటాయి కాబట్టి బోర్డులో వాటిని తగ్గించి గొంతులు పెంచుతారు. ఆ టేపు ఇంట్లో వింటే పాడేవాళ్ళు చెవిలో, గిటారు పక్క వీధిలో. బృందం రికార్డింగులు చేసిన ఇంజనీరు బెటీ కాంటర్-జాక్సన్ టేపుల సంగతి వేరు. ఆవిడ రికార్డింగ్ కోసమే విడిగా మిక్స్ చేసేది. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో ఆవిడ తీసిన కచేరీ చేతులు మారీ మారీ చివరికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. అధికారికంగా సీడీగా వచ్చింది మాత్రం 2017లో, నలభై ఏళ్ళకి. అన్నట్టు దాన్ని అభిమానులు ‘5/8/77’ అంటారు. మనవాళ్ళు చదివితే అది ఆగస్టు 5. అందుకే ఫోల్డర్ల పేర్లు నేను సంవత్సరంతో మొదలుపెట్టి 1977-05-08 అని రాస్తాను. వరసలో కూడా సరిగ్గా కూర్చుంటాయి.

ఇక డెక్. మూడు హెడ్లున్న (హెడ్ అంటే టేపుని చదివే, రాసే భాగం) పాత డెక్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బెల్టు మార్చాక హెడ్లనీ పించ్ రోలర్‌నీ (టేపుని లాగే రబ్బరు చక్రం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. ప్రతి రెండు మూడు టేపులకీ మళ్ళీ తుడవాల్సిందే, దూది పుల్ల గోధుమరంగులోకి మారుతుంది. టేపు పెట్టగానే ప్లే నొక్కను. ముందు ఆ చివరి దాకా, మళ్ళీ ఈ చివరి దాకా తిప్పుతాను. ఏళ్ళ తరబడి చుట్టుకుపోయి ఉన్న టేపు దానివల్ల వదులై సమంగా నడుస్తుంది. కొన్నిట్లో టేపుని హెడ్‌కి ఆనించిపట్టే చిన్న ఉన్ని మెత్త జిగురు వదిలి ఊడిపోయింది. అలాంటప్పుడు స్క్రూలున్న చవక క్యాసెట్ ఒకటి విప్పి, ఈ రెండు చక్రాలనీ టేపుతో సహా అందులోకి మార్చేస్తే సరిపోతుంది. ఆ పని తెల్లకాగితం పరిచి, ఫ్యాను ఆపేసి చెయ్యండి.

అన్నిటికన్నా ఫలితం కనిపించేది అజిమత్, అంటే టేపు మీద హెడ్ వాలు, దగ్గర. ఒక్కో టేపు ఒక్కో డెక్ మీద ఎక్కింది, ఒక్కో డెక్ హెడ్ ఒక్కో వాలులో ఉంటుంది. మన హెడ్ వాలు దానికి కలవకపోతే పైస్వరాలన్నీ మందగించి దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. కుడి ఎడమలు కలిపి మోనోలో పెట్టి, తాళాలు బాగా మోగే చోట ఆ స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వినాలి. ఒకచోట ఉన్నట్టుండి తెర తీసినట్టు తాళాలు ‘చిస్’ అని విచ్చుకుంటాయి. అక్కడ ఆపాలి. స్క్రూ అసలు స్థానం దగ్గర ముందే కాస్త గోళ్ళరంగు పెట్టుకుంటే వెనక్కి తిప్పడం తేలిక. టేపు రెండో వైపుకి మళ్ళీ చూసుకోవాలి, ఒకే క్యాసెట్ అయినా రెండు వైపులా వాలు ఒకటే ఉంటుందన్న నమ్మకం లేదు.

కంప్యూటర్‌లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తీసుకుంటున్నాను. మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు. ఆడియెన్స్ టేపుల్లో గరిష్ఠం గిటారుది కాదు, మైకు పక్కవాడి చప్పట్లది. ఒక తొంభై నిమిషాల టేపు మూడు గిగాబైట్ల పైచిలుకు వస్తుంది. ఈ ముడి ఫైలుని ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చి రెండు డిస్కుల మీద పెట్టి మళ్ళీ ముట్టుకోను. దిద్దుబాట్లన్నీ నకలు మీదే. నాయిస్ రిడక్షన్ జోలికి అసలు పోను. బుస్సుతో పాటు హాలు గాలిని కూడా తినేసి, మనుషులు నీళ్ళలోంచి పాడుతున్నట్టు చేస్తుంది.

ఎక్కువ కాలం పట్టింది వేగం దగ్గర. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. నడిచిందా అంటే, జనంలో బ్యాటరీల మీద నడిచిన రికార్డరుకి ఆ పట్టింపు లేదు. బ్యాటరీ నీరసించేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదిగా ఎక్కిన టేపుని మనం మామూలు వేగంతో వింటే శ్రుతి పెరిగిపోతుంది. కచేరీ మొదట్లో సరిగ్గా ఉండి చివరి పాటకి గార్సియా గొంతు సన్నబడిందంటే అనుమానం బ్యాటరీ మీదే.

హాల్లో తీసిన టేపులకి ఒక చిట్కా ఉంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. ఆంప్లిఫయర్ల గుయ్‌మనే రొద పాటకీ పాటకీ మధ్య సందులో టేపులోకి ఎక్కుతుంది. ఆ ముక్కని కోసి, నకలుని 8 కిలోహెర్ట్జ్‌కి దించి, ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో స్పెక్ట్రమ్ (ఏ స్వరం ఎంత ఉందో చూపే గ్రాఫు) చూస్తే గీత నిక్కచ్చిగా కనిపిస్తుంది. 60 దగ్గర తేడా చిన్నది కాబట్టి దాని మూడు రెట్లయిన 180 దగ్గర చూడటం మేలు. నా టేపు ఒకదానిలో అది 183.6 దగ్గర ఉంది. అంటే 2 శాతం వేగం ఎక్కువ. ఒక స్వరస్థానం దూరం దాదాపు 6 శాతం కదా, ఇది అందులో మూడో వంతు. చెవికి అపశ్రుతిలా అనిపించదు, ‘ఈ రోజు భలే హుషారుగా వాయించారే’ అనిపిస్తుంది. తగ్గించాక ఆ హుషారులో కొంత టేపుదేనని తేలింది.

ఆరుబయట కచేరీలకి ఈ లెక్క నమ్మలేం, జనరేటర్ల మీద నడిస్తే 60 అన్నదే అటూఇటూ కావచ్చు. అక్కడే ఇంగ్లిష్‌టౌన్ టేపు నాతో ఆటాడుకుంది.

ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్క్ మా ఇంటికి కారులో అరగంట. కార్ల డ్రాగ్ రేసులు నడిచిన చోటు, 2018తో ఆ రేసులు ఆగిపోయాయి. 1977 సెప్టెంబరు 3, శనివారం, అక్కడ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి అమ్మిన టికెట్లు 1,07,019. ఒకే కళాకారుడి పేరు మీద టికెట్లమ్మిన కచేరీల్లో అమెరికా రికార్డుగా అది 2024లో జార్జ్ స్ట్రెయిట్ టెక్సాస్‌లో దాటేదాకా నిలబడింది. 1977 జూన్‌లో డ్రమ్మర్ మిక్కీ హార్ట్‌కి కారు ప్రమాదం జరిగి వేసవి కచేరీలన్నీ రద్దయ్యాయి. తిరిగొచ్చాక ఇదే మొదటిది. ఎడిసన్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళాను, నాకూ ఈ పెట్టె వచ్చాకే తెలిసింది.

ఇది 1999లో ‘డిక్స్ పిక్స్’ వరసలో పదిహేనో సంపుటంగా అధికారికంగా వచ్చింది. బృందం టేపుల భాండాగారాన్ని చూసుకున్న డిక్ లాట్వాలా పేరు మీద వచ్చిన వరస అది. నా దగ్గరున్నది ఆడియెన్స్ టేపు, మూడో తరం. వేగం సరిచెయ్యడానికి ఆ సీడీనే కొలబద్దగా పెట్టుకున్నాను. పాట మొదలూ చివరా డ్రమ్ము దెబ్బలు గుర్తుపెట్టుకుని రెండిటి నిడివీ పోల్చాలి. 0.1 శాతం తేడా అంటే వినడానికి ఏమీ కాదు గానీ, నలభై అయిదు నిమిషాల వైపు అయ్యేసరికి 2.7 సెకన్లు జరుగుతుంది. అందుకని మొత్తం టేపుకి ఒకే లెక్క వెయ్యకుండా పాటకో లెక్క వేశాను.

ఇంకో సంగతి. ఈ టేపులో తాళాల చప్పుడు ఉండుండి మాయమై మళ్ళీ వస్తుంది. ముందు అజిమత్ అనుకున్నాను, తర్వాత టేపు నలిగిందేమో అని విప్పి చూశాను. రెండూ కాదు, గాలి. దూరంగా ఉన్న స్పీకర్ల నుంచి వచ్చే పైస్వరాలని గాలి అటూఇటూ తోసేస్తుంది. దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. ‘మిసిసిపి హాఫ్‌స్టెప్’ చివర్లో గార్సియా గిటారు మెట్టుమెట్టుగా పైకి పోతుంటే లక్షమంది అరుపు ఒక పక్క నుంచి లేచి రెండో పక్కకి పాకుతుంది. సీడీలో గిటారు ఇంతకన్నా శుభ్రం, కానీ ఆ పాకడం లేదు. ఏడు లెక్కలో నడిచే ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ దగ్గర మైకు పక్కనున్న ఎవరో నాలుగు లెక్కలో చప్పట్లు మొదలుపెట్టి, దారితప్పి, ఆపేసి, మళ్ళీ మొదలుపెడతాడు. మిశ్రచాపు తెలిసిన మనిషి ఒక్కడుంటే బాగుణ్ణు అనిపిస్తుంది.

సీడీనీ ఈ టేపునీ కలిపి ఒకే రికార్డింగుగా, మ్యాట్రిక్స్ అంటారు దాన్ని, అది కూడా ఒకటి చేస్తున్నాను. అధికారికంగా అమ్మేదాన్ని కలిపాం కాబట్టి అది ఇల్లు దాటకూడదు. మైకు స్టేజీకి ముప్ఫై మీటర్ల దూరంలో ఉంటే చప్పుడు చేరడానికి 90 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. టేపుని అంత ముందుకి జరపకపోతే ప్రతి డ్రమ్ము దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. సీడీ మూడు వంతులు, టేపు ఒక వంతు దగ్గర ఆగాను. ఇంకా ‘ట్రకిన్’, ఆ తర్వాత చివర్లో పాడిన ‘టెరపిన్ స్టేషన్’ మిగిలున్నాయి.

పాటలుగా కోసేటప్పుడు ఒక జాగ్రత్త. సీడీ ప్రమాణంలో సెకనుకి 75 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 588 శాంపిళ్ళు. కోత సరిగ్గా 588 గుణిజం మీద పడకపోతే సీడీ రాసినప్పుడు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారే చోట టక్కుమంటుంది. ఈ బృందం పాటలేమో సగం ఒకదాన్లోంచి ఒకటి జారేవే. ట్రేడర్స్ లిటిల్ హెల్పర్ అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని సరిచేస్తుంది, చెక్‌సమ్‌లు (ఫైలు చెడిందో లేదో చూసుకునే అంకెలు) కూడా అదే రాసిపెడుతుంది. ప్రతి ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలు: ఎన్నో తరం, ఏ డెక్, డాల్బీ (బుస్సు తగ్గించే పద్ధతి) ఉందా లేదా, వేగం ఎంత మార్చాను. ఇది లేని టేపుకి జాతకం లేనట్టే.

మిగిలిన వాటిలో తలనొప్పి అట్టలేని క్యాసెట్ ఒకటి. వైపు ‘బి’ మాత్రమే నిండుగా ఉంది. పాడేవాళ్ళలో కీబోర్డు వాయించే బ్రెంట్ మిడ్లాండ్ బొంగురు గొంతు స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి 1979 ఏప్రిల్‌కీ 1990 జులైకీ మధ్య. అందులో ‘టచ్ ఆఫ్ గ్రే’ ఉంది, అది మొదటిసారి పాడింది 1982 సెప్టెంబరులో. గిటార్లోంచి వేణువు, బాకా వినిపించే మిడి వేషాలు ఎక్కడా లేవు, అవి 1989 నుంచి బాగా కనిపిస్తాయి. అంటే ఆరేడేళ్ళ సందు. పాటల వరస రాసుకున్నాను. ఒక పాట మధ్యలో టేపు తిరగేసిన చోట కోత ఉంది, దాని ముందు వాయించింది ఏమిటో తేలితే కచేరీల జాబితాతో సరిపోల్చొచ్చు. వచ్చే శనివారం ఆ వైపు ‘ఏ’ చివర్లో మిగిలిన ఒకటిన్నర నిమిషం ముక్కని వేగం సరిచేసి వినాలి.