టీకాలు కార్లలో పెట్టుకుని మిసిసిపీ వెళ్ళిన ఆడవాళ్ళు

2021 జనవరిలో కమలా హారిస్ వైస్ ప్రెసిడెంట్‌గా ప్రమాణం చేసిన రోజు అమెరికాలో చాలామంది ఆడవాళ్ళు ముత్యాల దండలు వేసుకున్నారు గుర్తుందా? ఎందుకా అని చూస్తే అది ఆవిడ సోరోరిటీ (కాలేజీలో మొదలయ్యే ఆడవాళ్ళ సంఘం) ఆల్ఫా కప్పా ఆల్ఫా గుర్తు, దాన్ని మొదలుపెట్టినవాళ్ళు, 1913లో రిజిస్టర్ చేయించినవాళ్ళు కలిపి మొత్తం ఇరవై మంది, వాళ్ళని ఇరవై ముత్యాలు అంటారు. ఆ రోజు అందరూ ముత్యాల గురించి రాశారు, నాకు మాత్రం అప్పటినుంచీ మనసులో ఉండిపోయింది ముత్యాలు కాదు, 1935లో వీళ్ళు చేసిన ఒక పని.

సోరోరిటీ అనగానే కాలేజీ అమ్మాయిల పార్టీలే గుర్తొస్తాయి చాలామందికి. నల్లజాతి మహిళల సోరోరిటీలు అలా కాదు, వాటిలో అన్నిటికంటే ముందు పుట్టింది ఏకేఏ (ఆల్ఫా కప్పా ఆల్ఫా), 1908 జనవరి 15న, వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో. ఇందులో చేరితే డిగ్రీతో అయిపోదు, ఉద్యోగంలో ఉన్నా రిటైరైనా మెంబరే. అందుకే వీళ్ళలో టీచర్లు, నర్సులు, డాక్టర్లు బోలెడుమంది.

1935 రోజుల్లో దీనికి నేషనల్ ప్రెసిడెంట్ ఐడా లూయీస్ జాక్సన్, పుట్టింది మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో, కాలిఫోర్నియాలో ఓక్లాండ్ వెళ్ళి అక్కడ టీచర్ అయ్యారు. సొంత రాష్ట్రం మర్చిపోలేదు ఆవిడ, 1934 వేసవిలో పల్లెటూరి టీచర్లకి ట్రైనింగ్ ఇద్దామని హోమ్స్ కౌంటీ వెళ్ళారు, తీరా వెళ్ళి చూస్తే జనానికి ముందు కావాల్సింది వైద్యం, పిల్లలు జబ్బులతో ఉంటే పాఠాలు ఎక్కడ ఎక్కుతాయి? దాంతో మరుసటి ఏడాదే ప్లాన్ మార్చేశారు, అదే మిసిసిపీ హెల్త్ ప్రాజెక్ట్. ముందు ఒకటి అనుకుని వెళ్ళి, కళ్ళతో చూశాక అది కాదు ఇది కావాలి అని ఒప్పుకుని మార్చుకోవడం నాకైతే చాలా పెద్ద విషయం, సేవ చేసేవాళ్ళలో కూడా అందరికీ రాదు అది.

దీన్ని నడిపింది డాక్టర్ డొరొతీ బౌల్డింగ్ ఫెరెబీ, వాషింగ్టన్‌లో ప్రాక్టీస్ చేసేవారు. అప్పుడు దక్షిణాదిలో రైళ్ళలో నల్లవాళ్ళని వేరే పెట్టెల్లో కూర్చోబెట్టేవాళ్ళు, హోటళ్ళలో గది ఇచ్చేవాళ్ళు కాదు, అందుకని వీళ్ళు మందులూ సామాన్లూ తమ సొంత కార్లలో పెట్టుకుని తామే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళారు. అంత దూరం, ఆ రోడ్ల మీద, దారిలో ఎవరు ఆపుతారో తెలీని రోజుల్లో. ఒక చోట క్లినిక్ పెట్టి జనాన్ని రమ్మందాం అనుకుంటే పత్తి ఎస్టేట్ల యజమానులు తమ దగ్గర పాలుకి (పంటలో వాటాకి) చేసేవాళ్ళని బయటికి పోనివ్వం అన్నారు (ఈ డాక్టర్లు వచ్చి మనుషులకి లేనిపోనివి ఎక్కిస్తారేమో అని వాళ్ళ భయం). సరే, వాళ్ళు రాకపోతే మేమే వస్తాం అని కార్లనే క్లినిక్‌లు చేసి ఎస్టేట్ల లోపలికే వెళ్ళారు. నడుముకి తుపాకులు పెట్టుకున్న కాపలావాళ్ళు గుర్రాల మీద చుట్టూ తిరుగుతూ వీళ్ళేం మాట్లాడుతున్నారో వింటూ ఉండేవాళ్ళట, ఆ గుర్రాల మధ్యనే పిల్లలకి డిఫ్తీరియా, మశూచి టీకాలు వేశారు, పళ్ళు చూశారు, ఏం తినాలి, శుభ్రంగా ఎలా ఉండాలి అని తల్లులకి చెప్పారు. ప్రతి వేసవిలో కొన్ని వారాలు, అంతా వాలంటీర్లే, తమ సెలవులు పెట్టుకుని వచ్చినవాళ్ళు. వేలమంది పిల్లలకి అందింది ఈ వైద్యం.

1942 వరకూ నడిచింది. యుద్ధం వచ్చి పెట్రోలుకి, టైర్లకి రేషన్ పెట్టాక ఇక కార్లు కదల్లేదు.

ఇంకో పని కూడా చెప్పాలి, దీనికి పేరు తక్కువ వచ్చింది కానీ నా లెక్కలో ఇది తక్కువ కాదు. టీకా వేస్తే డిఫ్తీరియా ఆగుతుంది, కానీ ఏడాదంతా కష్టపడ్డా అప్పు తీరని పాలు పద్ధతి, సరైన తిండి లేకపోవడం, ఓటు లేకపోవడం, వీటికి టీకా లేదు కదా, వాటికి చట్టాలే కావాలి. హెల్త్ ప్రాజెక్ట్ నడుస్తుండగానే 1938లో వీళ్ళు వాషింగ్టన్‌లో సొంతంగా ఒక లాబీ పెట్టారు, ఏ పార్టీకీ చెందని లాబీ, నల్లవాళ్ళ హక్కుల కోసం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంట్) చుట్టూ తిరగడమే దాని పని. మూకహత్యల మీద చట్టం తేవాలని కూడా అడిగారు (అలాంటి చట్టం మీద సంతకం పడింది 2022లో, అంటే ఎన్ని తరాలు ఆగాలో చూడండి). 1948లో మిగతా నల్లజాతి సోరోరిటీలు, ఫ్రెటర్నిటీలతో (అలాంటివే మగవాళ్ళ సంఘాలు) కలిసి ఆ పనినే అమెరికన్ కౌన్సిల్ ఆన్ హ్యూమన్ రైట్స్ పేరుతో ముందుకి తీసుకెళ్ళారు.

ఆ లాబీ వెనకున్న మనిషి నార్మా బోయ్డ్, 1913లో సోరోరిటీని రిజిస్టర్ చేయించినవాళ్ళలో ఒకరు, అంటే ఇరవై ముత్యాల్లో ఒక ముత్యం, వాషింగ్టన్ స్కూళ్ళలో లెక్కల టీచర్. రాష్ట్రాల ఓటర్లు ఎన్నుకున్న కాంగ్రెస్ దగ్గరికి వెళ్ళి చట్టాలు అడిగిన ఆవిడ ఉండే ఊరికి, అంటే ఏ రాష్ట్రంలోనూ లేని రాజధాని వాషింగ్టన్‌కి, ఆ కాంగ్రెస్‌లో ఓటేసే సభ్యుడే లేడు, ఇప్పటికీ లేడు. ప్రెసిడెంట్ ఎన్నికల్లో వాషింగ్టన్ వాళ్ళు మొదటిసారి ఓటేసింది 1964లో, లాబీ మొదలైన 26 ఏళ్ళకి.